మనసులోని కష్మకష్‌కి ఒక గోడ: అందరూ కలిసి చేసే కళ ఎలా తయారవుతుంది?

రంజాన్ రాకముందు ఇల్లు దులుపుతుంటే మా పెద్దమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలోంచి ఒక కాగితం జారి కింద పడింది. తను ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు, "అబ్బా కోసం నీట్ రాయాలి" అని ఉంది. కుడివైపు, "రక్తం చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. ఈ మాట ఎవరికి చెప్పాలి?" అని ఉంది. అంతే, కింద ఇంకేమీ లేదు.

నాది కాని కాగితం చదివానని అప్పుడు గానీ తట్టలేదు. మడిచి మళ్లీ అదే పుస్తకంలో పెట్టేశాను. కానీ ఆ గీత చాలా రోజులు నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఇంట్లో అయిదుగురం ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని తింటాం. ఆ పిల్ల లోపల ఏం జరుగుతోందో మాలో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మా లోపల ఏం జరుగుతోందో ఆ పిల్లకీ తెలియదు.

ఇలాంటి కాగితాలకు కొందరు కళాకారులు నలుగురూ చూసే ఒక చోటు కల్పించారు. వాళ్లు ఏం చేశారు, ఎలా చేశారు, మన బడిలోనో మొహల్లాలోనో అలాంటిది చేయాలంటే ఏం కావాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది ఈ వ్యాసంలో చెబుతాను.

కష్మకష్ అంటే ఏమిటి?

ఉర్దూలో కష్మకష్ అంటాం. తెలుగులో ఊగిసలాట, లోలోపలి పోరు అంటాం. ఒకే మనిషిని రెండు చేతులు రెండు వైపులకు లాగుతున్నట్టు ఉండే స్థితి అది.

మనకు ఈ మాట కొత్త కాదు. నఫ్స్‌కు మూడు స్థితులు ఉంటాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. చెడు వైపు పురిగొల్పే అమ్మారా, తనను తాను నిలదీసుకునే లవ్వామా, నెమ్మదించిన ముత్మయిన్నా. పెద్ద పెద్ద ఆలిములకూ ఈ పోరు తప్పలేదు. ఇమామ్ గజాలీ 1091లో బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో ఆచార్యులయ్యారు. పేరు, హోదా, వందలాది శిష్యులు, అన్నీ ఉన్నాయి. 1095లో ఆయన మనసు రెండుగా చీలిపోయింది. అన్నీ వదిలి వెళ్లిపోవాలని ఒకరోజు, ఉండిపోవాలని మరోరోజు. దాదాపు ఆరు నెలలు అలా నలిగిపోయారు. చివరికి పాఠం చెప్పడానికి నోరు పెగల్లేదు, ముద్ద దిగలేదు. వైద్యులు కూడా ఇది మనసుకు సంబంధించిన బాధ అని తేల్చారు. ఆయన బాగ్దాద్ విడిచి దమాస్కస్ వెళ్లిపోయారు. తరువాత కాలంలో ఈ విషయాలన్నీ 'అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్' అనే పుస్తకంలో ఆయనే స్వయంగా రాశారు. లోపలి పోరును దాచుకోకుండా అక్షరాల్లో పెట్టడం మన సంప్రదాయంలోనూ ఉందని చెప్పడానికే ఈ మాట.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. కష్మకష్ అనగానే మంచికీ చెడుకూ మధ్య పోరు అనుకుంటాం. కానీ మనుషుల్ని ఎక్కువగా నలిపేసేది రెండు మంచి విషయాల మధ్య పోరు. అబ్బా మాట నిలబెట్టాలి, తన శక్తికి తగ్గ చదువూ చదవాలి. అత్తగారిని చూసుకోవాలి, ఉద్యోగమూ చేయాలి. గల్ఫ్‌లో ఉండి నాలుగు రూపాయలు పంపాలి, పిల్లలు పెరుగుతుంటే పక్కనా ఉండాలి. వీటిలో తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియదు, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. మాట లోపలే ఉండిపోతుంది.

చూసే కళ, చేసే కళ

బొమ్మ గీసి గోడకు తగిలిస్తే మనం చూసి వస్తాం. ఇన్‌స్టలేషన్ అనేది వేరు. ఒక గదినో, గోడనో, ఆవరణనో మొత్తంగా ఒక కళారూపంగా తయారు చేస్తారు, మనం అందులోకి నడిచి వెళ్తాం. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న రకంలో ఇంకో మెట్టు ఉంది. కళాకారుడు సగమే చేస్తాడు. ఖాళీ గోడ, ప్రశ్న, రాయడానికి సామాను పెడతాడు. మిగతా సగం వచ్చిన జనం నింపుతారు. జనం రాకపోతే అక్కడ చూడటానికేమీ ఉండదు.

ఈ పద్ధతిని ప్రపంచమంతా తెలిసేలా చేసిన వాళ్లలో ఒకరు అమెరికా కళాకారిణి క్యాండీ చాంగ్. ఆమె నగర ప్రణాళిక కూడా చదువుకున్నారు. తనకు తల్లిలాంటి ఒక మనిషి 2009లో అకస్మాత్తుగా చనిపోవడంతో ఆమె దుఃఖంలో మునిగిపోయారు. అప్పుడామె న్యూ ఓర్లీన్స్ నగరంలో ఉండేవారు. ఇంటికి దగ్గర్లో పాడుబడిన ఒక ఇల్లు ఉండేది. 2011లో అనుమతులు తీసుకుని, స్నేహితుల సాయంతో ఆ ఇంటి గోడకు బ్లాక్‌బోర్డు రంగు వేశారు. "చనిపోయే లోపు నేను చేయాలనుకుంటున్నది..." అనే అర్థం వచ్చే అసంపూర్ణ వాక్యాన్ని ఆ గోడ మీద 80 సార్లు అచ్చు వేసి, పక్కన చాక్‌పీసులు పెట్టారు. తెల్లారేసరికి గోడ నిండిపోయింది. తరువాత 75కు పైగా దేశాల్లో అలాంటి గోడలు 5,000కు మించి వెలిశాయి. ఆ గోడలన్నీ ఆమె కట్టినవి కావు. ఎక్కడి జనం అక్కడ తమ భాషలో కట్టుకున్నారు.

ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. పని చేసిందల్లా ఆ సగం వాక్యం. మన ముందు ప్రశ్న పెడితే జవాబు వెతుక్కుంటాం, తప్పు చెబుతామేమోనని భయపడతాం. సగం వాక్యం పెడితే మిగతా సగం దానంతట అదే వచ్చేస్తుంది.

ఆందోళన, ఆశ: న్యూయార్క్ గోడ

మన విషయానికి ఇంకా దగ్గరగా ఉండేది 2018లో వచ్చింది. న్యూయార్క్‌లో రూబిన్ మ్యూజియం అని ఉండేది. హిమాలయ ప్రాంతాల కళను చూపించే మ్యూజియం అది, ఆ భవనాన్ని 2024లో మూసేశారు. క్యాండీ చాంగ్, రచయిత జేమ్స్ ఎ. రీవ్స్ కలిసి అక్కడ లాబీలో ఒక పెద్ద గోడ ఏర్పాటు చేశారు. రెండు రకాల కార్డులు పెట్టారు. ఒకదాని మీద నాకు ఎందుకు ఆందోళనగా ఉంది, రెండోదాని మీద నాకు ఎందుకు ఆశగా ఉంది అనే వాక్యాల మొదలు మాత్రమే ఉంటుంది. వచ్చినవాళ్లు పేరు లేకుండా పూర్తి చేసి గోడకు తగిలించాలి. దాదాపు ఏడాది పాటు సాగిన ఆ గోడకు 50,000కు పైగా కార్డులు వచ్చాయి.

ఇక్కడ గమనించాల్సింది రెండూ ఒకే గోడ మీద ఉండటం. ఆందోళనల గోడ ఒకచోట, ఆశల గోడ మరోచోట పెట్టి ఉంటే మనుషులు రెండు రకాలని అనిపించేది. ఒకే గోడ మీద పక్కపక్కన పెట్టేసరికి ఒకే మనిషిలో రెండూ ఉంటాయని కళ్లకు కనిపించింది. పైగా ఒకరికి ఆందోళన కలిగించే విషయమే ఇంకొకరికి ఆశ కావచ్చు. ఈ ఇద్దరే 2019లో లాస్ ఏంజెలెస్‌లో మనిషి లోపలి అడ్డుగోడల గురించి ఆలోచింపజేసే మరో ఇన్‌స్టలేషన్ కూడా చేశారు.

ఒప్పుకోలు వేరు, ఊగిసలాట వేరు

ఇక్కడే మన కుటుంబాల్లో ఒక ప్రశ్న వస్తుంది. "మన లోపలి విషయాలు గోడకెక్కించడం ఏమిటి?" అని. సబబైన ప్రశ్నే, దాటేయడం సరికాదు.

క్యాండీ చాంగ్ 2012లో లాస్ వెగాస్‌లో ఇంకో పని చేశారు. చర్చిలో ఉండే ఒప్పుకోలు గదుల లాంటి చిన్న గదులు పెట్టి, లోపల కూర్చుని తమ రహస్యాన్ని ఒక చెక్కముక్క మీద రాయమన్నారు. ఆ చెక్కముక్కల్ని పేరు లేకుండా గోడలకు తగిలించారు. ప్రదర్శన ముగిసే నాటికి 1,500కు పైగా పోగయ్యాయి. చాలామంది చేసిన తప్పులు రాశారు. కొందరికి అది ఊరట ఇచ్చి ఉండవచ్చు.

మన దగ్గర అది కుదరదు. తన పాపాన్ని తానే నలుగురిలో చాటుకోకూడదని, అల్లాహ్ కప్పి ఉంచిన దాన్ని మనం విప్పకూడదని మనకు నేర్పారు. తౌబా అనేది దాసుడికీ ప్రభువుకీ మధ్య విషయం. ఎదుటివాళ్ల లోపాన్ని కప్పిపుచ్చడం కూడా మనకు పుణ్యమే. కాబట్టి మనం చేసే గోడ మీద పాపాల చిట్టాకు చోటు లేదు. ఈ నియమం ముందే రాసి పెట్టాలి.

కానీ కష్మకష్ పాపం కాదు. "నేను ఇది చేశాను" అనడానికీ, "నేను ఈ రెండింటి మధ్య నలుగుతున్నాను" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది పరదా వెనుక ఉండాల్సింది. రెండోది మాత్రం బయట పడకపోతే మనిషి ఒంటరి అయిపోతాడు, ఈ బాధ నాకొక్కడికే అనుకుంటాడు. ప్రతి ఏడాది ఇంటర్ ఫలితాల రోజుల్లో వచ్చే వార్తలు మనకు తెలుసు. ఆ వార్తలు విన్నప్పుడల్లా "ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది" అంటాం. చెప్పడానికి వాళ్లకొక చోటు ఉందా అని మాత్రం అడగం.

మూసిన ఉత్తరం, తెరిచిన ఉత్తరం

పరదా విషయంలో మనకు బాగా పనికొచ్చే ఉదాహరణ తైవాన్‌లో పుట్టిన కళాకారుడు లీ మింగ్‌వే చేసిన ఉత్తరాల గదులు. ఆయన అమ్మమ్మ చనిపోయాక, ఆమెకు చెప్పకుండా ఉండిపోయిన మాటల్ని ఉత్తరాలుగా రాసుకుంటూ వచ్చారు. ఆ అనుభవం నుంచి 1998లో ఈ పని పుట్టింది. చెక్కతో, వెలుగు లోపలికి వచ్చే గాజుతో మూడు చిన్న గదులు. ఒకదానిలో నిలబడి రాయాలి, ఒకదానిలో కూర్చుని, మరొకదానిలో మోకాళ్ల మీద. కృతజ్ఞత చెప్పలేకపోయినవాళ్లకు, క్షమాపణ అడగలేకపోయినవాళ్లకు అక్కడ కూర్చుని ఉత్తరం రాయవచ్చు.

రాశాక ఎంచుకోవడం మన ఇష్టం. కవర్ అంటించి చిరునామా రాస్తే మ్యూజియం వాళ్లు పోస్టులో వేస్తారు. అంటించకుండా వదిలేస్తే తరువాత వచ్చినవాళ్లు తీసి చదువుకోవచ్చు. చిరునామా లేని మూసిన ఉత్తరాల్ని ఎవరూ తెరవరు. ఎంతవరకు బయటపెట్టాలో రాసిన మనిషే నిర్ణయించుకుంటాడు. నా కూతురి కాగితం విషయంలో నేను చేసిన తప్పు ఏమిటో ఇది చదివాకే నాకు సరిగా అర్థమైంది. ఆ నిర్ణయం తనది. తన చేతిలోంచి అది నేను లాక్కున్నాను.

రాస్తే నిజంగా తేలికవుతుందా?

1986లో జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన విద్యార్థిని శాండ్రా బీల్‌తో కలిసి అమెరికా టెక్సాస్‌లోని ఒక యూనివర్సిటీ విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరిని మామూలు విషయాల గురించి, కొందరిని మనసును కలచివేసిన విషయాల గురించి. జరిగిన సంగతితో పాటు దాని గురించి తమకు ఏమనిపించిందో కూడా రాసినవాళ్లు, ఆ తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఆ తరువాత ఎంతోమంది ఈ విషయాన్ని పరిశోధించారు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని ఎవరూ అనడం లేదు.

అదే పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. రాసిన వెంటనే వాళ్లకు తేలిక కాలేదు, మనసు మరింత బరువెక్కింది. తేలిక పడటం మెల్లగా వచ్చింది. మనం గోడ కట్టేటప్పుడు ఇది మరచిపోకూడదు. కార్డు రాసి లేచిన మనిషి కళ్లు చెమర్చి ఉండవచ్చు. కాసేపు కూర్చోవడానికి కుర్చీ, ఒక కప్పు చాయ్, ప్రశ్నలు వేయని ఒక మనిషి అక్కడ ఉండాలి.

మనం చేయాలంటే: ఒక పద్ధతి

ఇక అసలు పనిలోకి వద్దాం. బడి, మదరసా హాలు, లైబ్రరీ, షాదీఖానా వరండా, ఏదైనా సరే. పది అడుగుల గోడ ఉంటే చాలు. రెండు మూడు వారాల పాటు ఉంచగలిగితే మంచిది.

*మొదట జట్టు.* ఆరేడుగురు కావాలి. అందరూ ఒకే వయసువాళ్లు అయితే ప్రశ్న కూడా ఆ వయసుకే సరిపోతుంది. ఒక నానీ, ఒక కాలేజీ కుర్రాడు, ఒక టీచరు, చిన్న పిల్లల తల్లి, ఏదైనా దుకాణం నడుపుకునే చాచా ఒకరు, ఇలా కలగలుపుగా ఉండాలి. కలిసి చేయడం అనేది ఇక్కడే మొదలవుతుంది. గోడకు మేకులు కొట్టడానికి మాత్రమే పిల్లల్ని పిలిస్తే అది కలిసి చేసిన పని కాదు.

*రెండోది వాక్యం.* దీని మీదే ఎక్కువ సమయం పెట్టాలి. "మీ సమస్య ఏమిటి?" అని అడిగితే మనిషి బిగుసుకుపోతాడు. "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగితే అల్‌హందులిల్లాహ్ అని చెప్పి వెళ్లిపోతాడు. నేను అనుకునేది ఇలాంటి వాక్యం: "ఒకవైపు నాకు ______ అని ఉంది. మరోవైపు నాకు ______ అని ఉంది." జట్టులో ప్రతి ఒక్కరూ ముందుగా తమ కార్డు నింపి చూడాలి. తాము రాయలేని ప్రశ్నను జనానికి ఇవ్వకూడదు.

*మూడోది కార్డు, భాష.* డ్రాయింగ్ షీటు తెచ్చి అరచేయంత ముక్కలు కోసి, మధ్యలో గీత గీస్తే కార్డు తయారు. మన ఇళ్లల్లో భాష సంగతి ప్రత్యేకం. పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, తెలుగులో రాస్తారు. పెద్దవాళ్లలో కొందరికి ఉర్దూ లిపి మాత్రమే వస్తుంది. కొందరు ఉర్దూ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తారు. ఏదైనా సరే అని స్పష్టంగా బోర్డు పెట్టాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది కాబట్టి ఆ కార్డు వాక్యం విడిగా రాసి పెట్టాలి. అసలు రాయడం రాని దాదీలు, నానీలు కూడా వస్తారు. వాళ్ల కోసం రంగు దారాలు పెట్టవచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో అర్థం, అక్కడే చదివి వినిపించాలి. "చెప్పాలని ఉంది, భయంగానూ ఉంది" అన్నదానికి ఒక రంగు. "వాళ్ల దగ్గరికి వెళ్లాలని ఉంది, పిలవలేదని కోపంగానూ ఉంది" అన్నదానికి మరో రంగు. తనకు సరిపోయే దారం తీసి ఒక ముడి వేస్తే అదే ఆమె కార్డు.

*నాలుగోది రాసే చోటు.* గోడకు కొంచెం దూరంగా, పరదా కట్టిన ఒక బల్ల. అందరికీ ఒకే రకం పెన్ను, ఒకే సిరా. చేతిరాత గుర్తుపట్టే ఊళ్లల్లో విడివిడి అక్షరాలతో రాయమని చెప్పాలి. రాసిన కార్డు నేరుగా గోడకు తగిలించకూడదు, పెట్టెలో వేయాలి. మరుసటి రోజు జట్టువాళ్లు అన్నీ కలిపేసి తగిలిస్తారు. అలా అయితే ఏ కార్డు ఎవరిదో పక్కనే నిలబడ్డవాళ్లకు కూడా తెలియదు. తగిలించవద్దు అనుకున్నవాళ్లు కార్డు మడిచి వేస్తే దాన్ని తెరవకూడదు. మడిచిన కార్డులకు గోడ మీదే ఒక సంచి పెడితే, ఇన్ని మాటలు మూసి ఉన్నాయని అందరికీ కనిపిస్తుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరే సమయాలు పెట్టుకోవాల్సి వస్తే పెట్టుకోండి. గోడ మాత్రం ఒక్కటే ఉండాలి. అన్న కష్మకష్ చెల్లి చదవాలి, కోడలిది అత్త చదవాలి. ఎవరిదో తెలియకుండానే చదవాలి.

*అయిదోది కలిపే దారం.* గోడ మీద ప్లైవుడ్ పెట్టి మేకులు కొట్టి, ఒక్కో మేకుకు బట్టల క్లిప్పుతో ఒక్కో కార్డు తగిలించాలి. టైలర్ దగ్గర మిగిలిన దారం ఉండలు కింద బుట్టలో పెట్టాలి. చదివేవాళ్లు తమ మనసులో మాట లాంటిదే ఎక్కడైనా కనిపిస్తే, ఆ మేకు నుంచి తమకు నచ్చిన ఇంకో కార్డు మేకుకు ఒక దారం కట్టాలి. ఏమీ రాయనివాళ్లు కూడా ఇది చేయగలరు. మొదటి రోజు నాలుగు దారాలు ఉంటాయి. వారం గడిచేసరికి కొన్ని మేకుల దగ్గర దారాలు గుత్తులుగా పోగవుతాయి. ఆ గుత్తి దగ్గర నిలబడ్డ పిల్లకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఇంతమంది ఇదే మాట అనుకుంటున్నారని ఆ దారాలే చెబుతాయి.

*ఆరోది కాపలా.* పెట్టెలో కార్డులు రోజూ ఇద్దరు కలిసి చదవాలి. ఒక్కరే చదవకూడదు. ఎవరి పేరైనా ఉన్నా, ఇంకొకరి రహస్యం ఉన్నా, పాపం బయటపెట్టినట్టు ఉన్నా ఆ కార్డును పక్కన పెట్టాలి. చదివినవాళ్లు అది ఎవరిదో ఊహించి బయట మాట్లాడితే గోడ మీద నమ్మకం ఆ రోజే పోతుంది. ఈ మాట ఇచ్చినవాళ్లనే ఈ పనికి పెట్టాలి.

ఇది వైద్యం కాదు

కొన్ని కార్డులు మామూలుగా ఉండవు. బతకాలని లేదు అనే అర్థం వచ్చే మాట కనిపించవచ్చు. రోజూ ఎవరైనా కొడుతున్నారని రాసి ఉండవచ్చు. అప్పుడేం చేయాలో ముందే అనుకుని ఉండాలి.

గోడ పక్కన, రాసే బల్ల మీద, రెండు చోట్లా టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో పెట్టండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటి కార్డు వచ్చినప్పుడు రాసినవాళ్ల కోసం వేట మొదలుపెట్టి అందరినీ ఆరా తీయకూడదు. "ఈ మాట రాసిన మీకు, మీతో మాట్లాడటానికి ఫలానా టీచరుగారు ఫలానా సమయంలో ఇక్కడ ఉంటారు" అని జవాబు కార్డు తగిలించాలి. ప్రమాదం ఎదురుగా ఉందని, రాసింది ఎవరో తెలిసిందని అనిపిస్తే మాత్రం పరదా కంటే ప్రాణం ముఖ్యం. ఆ క్షణమే ఇంట్లో పెద్దలకో, డాక్టరుకో చెప్పాలి. ఇంట్లోవాళ్లే కారణమైతే బయట నమ్మకస్తులకు చెప్పాలి.

గోడ ముందు నిలబడి నసీహత్ ఇవ్వడం కూడా వద్దు. "ఇదీ ఒక సమస్యేనా?", "ఈమాన్ బలహీనంగా ఉంటే ఇలాగే ఉంటుంది" అని ఎవరైనా అంటే, విన్న పదిమంది ఇక జన్మలో నోరు విప్పరు. సలహా చెప్పడానికి వేరే రోజులు ఉన్నాయి.

చివరికి ఆ కార్డులు ఏమవుతాయి?

దీన్ని చాలామంది ముందుగా ఆలోచించరు. రెండు మూడు వారాల తరువాత గోడ విప్పాలి. మనుషుల మనసు అందులో ఉంది, చెత్తబుట్టలో వేయలేం. పైగా మనవాళ్లు రాస్తే "యా అల్లాహ్" అని, ఆయత్ ముక్క అని ఎక్కడో ఒకచోట ఉంటుంది. చిరిగిన ముస్‌హఫ్ పేజీల విషయంలో పాటించే అదబే వీటికీ పాటించాలి. మస్జిదులో పాత పేజీల కోసం పెట్టే డబ్బా ఉంటే ఇమామ్ సాబ్‌ను అడిగి ఆయన చెప్పినట్టు చేయవచ్చు, లేదా శుభ్రమైన చోట పూడ్చవచ్చు. మడిచిన కార్డులు మడిచినట్టే పోవాలి. ఆ రోజు జట్టంతా కలిసి చేస్తే, రాసినవాళ్లకు కూడా తమ మాట భద్రంగా చేరిందనిపిస్తుంది.

ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు. దారాల్ని దూరం నుంచి తీయండి, అక్షరాలు చదవగలిగేలా తీయవద్దు.

ఇంట్లో గోడ

ఇంత ఏర్పాటు చేయలేనివాళ్లు ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. కానీ ఇంట్లో పేరు దాచలేం, అందరి చేతిరాతా అందరికీ తెలుసు. కాబట్టి ఒకటే నియమం: పెద్దవాళ్లు ముందు రాయాలి.

మా ఇంట్లో ఇనప బీరువా తలుపు మీద ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీసి అయస్కాంతంతో అంటించాను. మొదట నేనే రాశాను. "ఒకవైపు మీరంతా నా మాట వినాలని ఉంటుంది. మరోవైపు మీరు నాకు భయపడకూడదని ఉంటుంది." మూడు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో రోజు ఫజర్ తరువాత చూస్తే మావారి చేతిరాత ఉంది. "ఒకవైపు నేను చదవలేకపోయింది నా పిల్లలు చదవాలని ఉంది. మరోవైపు నా కోరిక బరువు వాళ్ల మీద వేస్తున్నానేమోనని ఉంది." పెళ్లయి ఇరవై ఏళ్లయింది. ఆ రెండో వాక్యం ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

అమ్మాయి ఆ కాగితం మీద ఏమీ రాయలేదు. కానీ ఓ రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడింది. "అమ్మీ, నీకొక మాట చెప్పాలి" అంది. ముందు నేను చెప్పాల్సింది ఒకటి ఉందని, ఫిజిక్స్ పుస్తకంలో కాగితం చూశానని చెప్పి, మాఫ్ చేయమన్నాను. కాసేపు నేల చూసింది. తరువాత పక్కన పీట లాక్కుని కూర్చుంది.

నీట్ సంగతి ఇంకా తేలలేదు. ఆమె, వాళ్ల అబ్బా ఇప్పుడు దాని గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ కాగితం గురించి ఇక్కడ రాయవచ్చా అని తనను అడిగాను. చదివి, ఒక వాక్యం కొట్టేసి, మిగతాది రాసుకోమంది.